ఒంగోలు నుంచి గుణదలకు పాదయాత్ర: ఆత్మకు మేలు జరిగేలా ఎలా చేయాలి?

విజయవాడలోని గుణదల మరియమాత పుణ్యక్షేత్రానికి నడవాలంటే ఎన్ని కిలోమీటర్లు, రాత్రి ఎక్కడ పడుకోవాలి లాంటివి ఎవరిని అడిగినా చెబుతారు. సంక్రాంతి దాటగానే మా చుట్టుపక్కల విచారణల (ఒక్కో కతోలిక గుడి పరిధిలోని ఊళ్ల) వాళ్లు ఎక్కువగా అడిగేది ఇంకొకటి. "అన్నా, నడిచొచ్చాం, మొక్కు తీరింది, కాళ్లు బొబ్బలెక్కాయి. వారం తిరక్కుండానే ఇంట్లో మళ్లీ అవే అరుపులు. ఎక్కడ తేడా కొడుతోంది?"

నేను చూసినంతలో బయల్దేరే ముందు చేయాల్సినవి చేయకపోవడం వల్ల, వచ్చాక చేయాల్సినవి వదిలేయడం వల్ల తేడా కొడుతుంది. గుణదలలో గడిపేది ఒక రోజు, మహా అయితే రెండు రోజులు. ఆ కాస్త సమయంలో అన్నీ జరిగిపోవాలని చూస్తే ఏదీ జరగదు. అందుకే ఇందులో ముందుమాటలు పెట్టకుండా వరుస చెబుతున్నాను. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి తమిళనాడులోని వేళాంగణి మాత గుడికి వెళ్లేవాళ్లకూ ఈ వరుస సరిపోతుంది. తేదీలు, ఎండ మాత్రం వేరు. అక్కడ ఆగస్టు 29న జెండా ఎగరేస్తారు, సెప్టెంబర్ 8న పండుగ.

1. ఎందుకు వెళ్తున్నారో ఒక్క వాక్యంలో రాయండి

ఇది క్రిస్మస్ పశువులపాక విప్పేలోపే అయిపోవాలి. చిన్న నోట్‌బుక్ కొని మొదటి పేజీలో ఒక్క వాక్యం రాయండి. "అమ్మాయికి పెళ్లి కుదరాలని", "ఆపరేషన్ బాగా జరిగినందుకు కృతజ్ఞతగా", "తాగుడు మానాలని" — ఏదైనా సరే. "అందరూ వెళ్తున్నారు కాబట్టి" అనేదే నిజమైతే అదే రాయండి. అబద్ధపు భక్తి కంటే అది నయం.

దాని కింద ఇంకో వాక్యం కూడా రాయాలి. అడిగింది దొరక్కపోతే నేనేం చేస్తాను? చాలామందికి ఇక్కడే కలం ఆగిపోతుంది. ఆగనివ్వండి, ఆ పేజీ ఖాళీగానే ఉండనివ్వండి. నడకలో ఆలోచించడానికి అంతకంటే మంచి ప్రశ్న దొరకదు.

మొక్కు గురించి ఒక మాట. "నడిచొస్తానని మొక్కుకున్నా, ఇప్పుడు మోకాళ్లు పోయాయి, ఏం శాపం తగులుతుందో" అని భయపడే పెద్దవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. సొంతంగా చేసుకున్న మొక్కును తగిన కారణం ఉంటే మీ విచారణ గురువులే (ఫాదర్) సడలించగలరు. శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం 1196వ నియమం ఆయనకు ఆ అధికారం ఇచ్చింది. అంతకు సమానమైన, లేదా ఇంకా మంచి పనిగా మార్చుకోవడానికి 1197వ నియమం మొక్కుకున్న మనిషికే అనుమతి ఇస్తోంది. ఫాదర్ గారిని కలిసి విషయం చెప్పండి. ఆ టెన్షన్ మోసుకుంటూ నడవాల్సిన పని లేదు.

2. తేదీ, దారి, కాళ్లు

గుణదలలో ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో ఉత్సవాలు. 11న లూర్దుమాత (మరియమాత) పండుగ, అదే రోజు ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినం కూడా. ఒంగోలు నుంచి సుమారు 150 కిలోమీటర్లు. మద్దిపాడు, మేదరమెట్ల, మార్టూరు, చిలకలూరిపేట, గుంటూరు, మంగళగిరి మీదుగా జాతీయ రహదారి వెంటే దారి. ఆరు రోజులు పెట్టుకోండి. నాలుగు రోజుల్లో కొట్టేస్తామని పందెం వేసుకునే కుర్రాళ్ల గుంపు వేరు, వాళ్లతో కలవకండి.

మొదటిసారి నడిచేవాళ్లు, అరవై దాటినవాళ్లు ఒంగోలు నుంచే మొదలుపెట్టాలన్న పట్టుదల వదిలేయండి. నెల్లూరు, కావలి వాళ్లు గుంటూరు దాకా రైల్లో వెళ్లి అక్కడి నుంచి రెండు రోజులు నడిస్తే చాలు. అదీ కష్టమైతే మంగళగిరి నుంచి నడవండి. అసలు నడవలేనివాళ్లు బస్సులో వెళ్లినా యాత్ర యాత్రే. ఈ వరుసలో నడక గురించి చెప్పినవి తప్ప మిగతావన్నీ వాళ్లకూ వర్తిస్తాయి.

బయల్దేరేలోపు సరిచూసుకోవాల్సినవి:

- రోజూ ఉదయం గంట నడక, వారానికి ఒకరోజు మూడు గంటలు. యాత్రలో వేసుకునే చెప్పులతోనే నడవండి.
- చెప్పులు కొత్తవి వద్దు. కనీసం నెల రోజులు అరిగినవి కావాలి.
- షుగర్ ఉన్నవాళ్లు చెప్పుల్లేకుండా నడుస్తామని మొక్కుకోకండి. కాలికి తెలియకుండా తగిలిన దెబ్బ మానదు. డాక్టర్‌కి చూపించుకునే బయల్దేరండి.
- తిరుగు రైలు టికెట్ 60 రోజుల ముందే తెరుస్తారు. 12వ తేదీ టికెట్ కావాలంటే డిసెంబర్ రెండో వారంలోనే చూసుకోవాలి.
- దారిలో పడుకునే చోట్ల విచారణ గురువులకు మీ ఫాదర్ గారి చేత ముందే ఫోన్ చేయించండి. రాత్రి తొమ్మిదికి గుడి గేటు ముందు నిలబడి తలుపు కొట్టడం మర్యాద కాదు.

2027లో వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక. ఆ ఏడాది విభూతి బుధవారం (ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల తపస్కాలం మొదలయ్యే రోజు) ఫిబ్రవరి 10నే, అంటే సరిగ్గా ఉత్సవాల మధ్యలో వస్తోంది. ఉపవాసం, మాంసం మానడం రెండూ ఉన్న రోజు. వంటవాళ్లకు ముందే చెప్పి పెట్టండి.

3. బయల్దేరే ముందు ఎక్కాల్సిన గడపలు

యాత్రంతటిలో కష్టమైన అంచె ఇదే. ఊరు దాటకుండానే నడవాల్సిన అంచె కాబట్టి జనం దాటేస్తారు.

బలిపీఠం దగ్గర కానుక పెడుతుండగా నీ సోదరుడికి నీ మీద ఏదో ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలేసి ముందు అతనితో సమాధానపడి రమ్మని ప్రభువు చెప్పాడు (మత్తయి 5:23–24). యాత్రికుడికి ఇది అక్షరాలా పనికొచ్చే మాట. గుణదల చేరాక గుర్తొస్తే 150 కిలోమీటర్లు వెనక్కి రాలేరు కదా. అందుకని ఇక్కడే తేల్చుకోండి.

ఎలా చేయాలంటే:

- నోట్‌బుక్ రెండో పేజీలో మాటల్లేని మనుషుల పేర్లు రాయండి. అన్నదమ్ములు, వదిన, పక్కింటివాళ్లు, గట్టు తగాదా ఉన్న పొలం ఆసామి, కోయిర్‌లో పాట విషయంలో అలిగినవాళ్లు, అందరూ.
- అందరినీ ఒకే రోజు కలవాలని చూడకండి. తేలిగ్గా అయ్యే ఒకరితో మొదలుపెట్టండి.
- పగటిపూట వెళ్లండి, ఒంటరిగా వెళ్లండి. పెద్దమనుషుల్ని వెంటేసుకెళ్తే అది పంచాయితీ అవుతుంది.
- మాట పొట్టిగా ఉండాలి. "అన్నా, గుణదలకు నడిచి వెళ్తున్నా. మన మధ్య జరిగినదాంట్లో నా వైపు కూడా తప్పుంది. మనసులో పెట్టుకోమాక." ఇంతే. ఎవరిది ఎంత తప్పని లెక్కలు తీస్తే మళ్లీ మొదటికొస్తుంది.
- అవతలివాళ్లు తలుపు వేసేస్తే గుమ్మంలో వాదించకండి. ఆ పేరు చెరపకుండా అలాగే ఉంచండి, దారిలో పనుంది.
- కోర్టులో ఉన్న ఆస్తి గొడవ ఒక్క పూటలో తేలదు. కేసు కేసుగా నడుస్తుంది. కనీసం ఎదురుపడినప్పుడు ముఖం తిప్పుకోకుండా ఉండగలరా అని చూసుకోండి.
- ఇవ్వాల్సిన చిన్న అప్పులు తీర్చండి. యాత్ర ఖర్చుకు కొత్త అప్పు చేయకండి. చీటీ డబ్బు ఎగ్గొట్టి హుండీలో వేసే కానుక ఎవరికి ఆనందం?

ఆ తర్వాతే పాపసంకీర్తనం, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం. బయల్దేరడానికి వారం ముందు, సొంత విచారణలో చేయండి. గుణదలలో ఉత్సవాల రోజుల్లో చాలామంది గురువులు కూర్చుంటారు, నిజమే. కానీ వెనక వందమంది నిలబడి ఉండగా, కాళ్ల నొప్పితో, పిల్లలు ఏడుస్తుంటే ఆత్మశోధన ఏం కుదురుతుంది? ముందురోజు రాత్రి పది ఆజ్ఞల వరుసలో అరగంట కూర్చోండి. పక్కింటివాళ్ల పాపాలు, అత్తగారి పాపాలు చెప్పకుండా మీవి మాత్రమే చెప్పండి. ఏళ్ల తరబడి చేయనివాళ్లు "ఫాదర్, ఎలా మొదలుపెట్టాలో తెలియట్లేదు" అని మొదటి మాటగా చెప్పేయండి. మిగతాది ఆయన నడిపిస్తారు.

4. సంచి

శిష్యుల్ని పంపేటప్పుడు చేతికర్ర తప్ప రొట్టె, సంచి, డబ్బు ఏమీ తీసుకోవద్దన్నాడు ప్రభువు (మార్కు 6:8). మనకు మందులైనా కావాలి కాబట్టి అంత దూరం పోలేం. భుజాన వేసుకునేది మాత్రం మూడు నాలుగు కిలోలు దాటనివ్వకండి.

- రెండు జతల బట్టలు, తువ్వాలు, పలచటి దుప్పటి, తెల్లవారుజామున మంచుకు మఫ్లర్
- జపమాల, నోట్‌బుక్, పెన్ను
- రోజూ వేసుకునే బీపీ, షుగర్ మందులు పది రోజులకు, డాక్టర్ చీటీ జిరాక్స్‌తో సహా
- ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు (ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి), లీటరు సీసా
- వ్యాజలైన్ లేదా కొబ్బరినూనె, ప్లాస్టర్లు, కాటన్ సాక్సులు రెండు జతలు
- వెలుగు పడితే మెరిసే జాకెట్ లేదా స్టిక్కర్, చిన్న టార్చి
- ఆధార్ కార్డు, ఇంటివాళ్ల ఫోన్ నంబర్ రాసిన కాగితం. పిల్లలకైతే జేబులో కుట్టేయండి.

మిగతాదంతా వెనక వచ్చే ట్రాలీ ఆటోలో వేయండి. ఆటోలో సౌండ్ బాక్సులు మాత్రం వద్దని నా గట్టి అభిప్రాయం. ఆరు రోజులు చెవి పగిలేలా పాటలు మోగితే పక్కవాడి మాట వినపడదు, మీ మనసు మాటా వినపడదు.

5. రోడ్డు మీద ఒక రోజు

ఫిబ్రవరి మొదట్లో తెల్లవారుజామున మంచు, పదింటికల్లా ఎండ. ఆ లెక్కనే రోజును విడగొట్టండి.

- 4:00కి లేవడం, 4:45కి ప్రార్థన, బయల్దేరడం. వెలుతురు వచ్చేదాకా ఒకరి వెనక ఒకరు, వచ్చే బండ్లకు ఎదురుగా రోడ్డు కుడి అంచున నడవాలి. ముందొకరి చేతిలో, చివర ఒకరి చేతిలో టార్చి.
- తెల్లవారాక ఒక గంట మౌనం. ఎవరూ మాట్లాడకూడదు, ఫోన్లు సంచిలో. గుంపు మొత్తానికి ఒక్క ఫోన్ ఆన్‌లో ఉంటే చాలు.
- 7:30కి టిఫిన్, 10:00కల్లా ఆగిపోవడం. మధ్యాహ్నం పెరుగన్నం, నిద్ర.
- 4:00 నుంచి 6:00 దాకా మళ్లీ నడక. సాయంత్రం చీకటి పడ్డాక హైవే మీద నడక వద్దు.

ఆ మౌనం గంట మొదటి రోజు మహా ఇబ్బందిగా ఉంటుంది. అప్పులు, ఆఫీసు, కొడుకు మార్కులు ఒకటొకటిగా ముందుకొస్తాయి. వాటిని తోసేయకండి, అక్కడికే ప్రార్థన తీసుకెళ్లండి. మూడో రోజుకు ఆ రద్దీ తగ్గుతుంది. మద్దిపాడు దాటాక రోడ్డు పక్క పొగాకు బ్యారన్ల వాసన, గుంటూరు దగ్గర ముక్కు అదిరే మిరప ఘాటు అప్పుడు తెలుస్తాయి. బస్సులో ఎన్నిసార్లు వెళ్లినా కనపడని మనుషులు కూడా అప్పుడే కనపడతారు.

జపమాలలో ధ్యానించే యేసు, మరియమ్మల జీవిత ఘట్టాలే దేవరహస్యాలు, వాటికి వారం వరుస ఉంది. సోమ, శనివారాలు సంతోష దేవరహస్యాలు, మంగళ, శుక్రవారాలు దుఃఖ, బుధ, ఆదివారాలు మహిమ, గురువారం వెలుగు. ఓపిక ఉన్న గుంపులు రోజుకు నాలుగు వరుసలూ చెబుతాయి, ఒక్కోదాంట్లో ఐదు చొప్పున 20 దేవరహస్యాలు. ఒక్కో దేవరహస్యానికి చెప్పే పది మంగళవార్త జపాల (మరియమ్మకు చేసే ప్రార్థన) ముందు ఊళ్లోవాళ్లు అప్పగించిన కోరికల్లోంచి ఒక పేరు చదవండి. ఆరు రోజుల్లో 120 పేర్లు పడతాయి. గడపలో తలుపు వేసేసిన మనిషి పేరు మొదటి రోజే చదవండి.

కీర్తనల్లో 120 నుంచి 134 దాకా ఉన్న పదిహేనూ యెరూషలేముకు ఎక్కి వెళ్లేవాళ్ల యాత్రాకీర్తనలే. రోజుకు మూడు చొప్పున చదివితే ఐదు రోజుల్లో అయిపోతాయి. ఆరో రోజు 121, 122 మళ్లీ చదవండి. కాళ్లు నొప్పెట్టాక ఆ మాటల రుచి వేరు.

రాత్రి పడుకునే ముందు నోట్‌బుక్‌లో రెండు ప్రశ్నలకు జవాబు రాయాలి. ఈ రోజు ఎవరి సాయం తీసుకున్నాను? ఎవరి మీద విసుక్కున్నాను? రెండో దానికి జవాబు తప్పకుండా ఉంటుంది. మైళ్ల కొద్దీ భక్తి పాటలు పాడుకుంటూ వచ్చినవాళ్లు, రాత్రి గుడి హాల్లో ఒక్క ప్లగ్ పాయింట్ దగ్గర ఛార్జర్ ఎవరిది ముందు అని కొట్లాడుకోవడం ఏటా జరిగేదే. దాన్ని చూసి నవ్వేసి వదిలేయకండి, రాసుకోండి. పుస్తకాల్లో చదివిన సహనం కంటే ఆ ప్లగ్ దగ్గర మీరెలా ఉన్నారన్నదే మీ గురించి ఎక్కువ చెబుతుంది.

6. వెనకపడ్డవాళ్ల నడకే గుంపు నడక

మేదరమెట్ల నుంచి మార్టూరు వైపు, గ్రానైట్ రాళ్లు వేసుకున్న లారీలు భూమి అదిరేలా పోతుంటాయి. అక్కడ ఒక గుంపు చీలిపోవడం చూశాను. కుర్రాళ్లు కిలోమీటరు ముందు. చివర్లో ఒక అవ్వ, రబ్బరు చెప్పు పట్టీ తెగితే పిన్నీసు గుచ్చుకుని, ప్రతి మైలురాయి దగ్గరా కూర్చుని లేస్తోంది. "నువ్వు పో అబ్బయా, నేను నిదానంగా వస్తాలే" అంటుంది అందరితో. అందరూ ఆ మాట పట్టుకుని పోయారు. ఒక ఇంటర్ పిల్లాడు మాత్రం ఆగాడు. పెద్ద మాటలేమీ చెప్పలేదు. తన చెప్పులు ఆమెకిచ్చి, ఆమె చెప్పులు తను వేసుకుని, పిన్నీసు కాలికి గుచ్చుకుంటుంటే తిట్టుకుంటూ నడిచాడు. ఆ రోజు జపమాలలో వాడి గొంతు వినపడలేదు. అయినా ఆ రోజు గుంపులో యాత్ర చేసింది వాడే అని నా లెక్క.

యేసు పన్నెండేళ్లప్పుడు పండుగ నుంచి తిరిగొస్తూ మరియమ్మ, యోసేపు ఆయన గుంపులోనే ఉన్నాడనుకుని ఒక రోజు ప్రయాణం చేసేశారు (లూకా 2:44). దొరికింది మూడు రోజులకు. "ఉండే ఉంటార్లే" అనుకోవడం ఎంత మంచివాళ్లకైనా జరుగుతుంది. కాబట్టి:

- అందరికంటే నిదానంగా నడిచేవాళ్లను ముందు పెట్టండి. మిగతావాళ్లు వాళ్ల వెనకే.
- చివర ఒక బలమైన మనిషిని కాపలా పెట్టండి. ఆయన్ని దాటి వెనక ఎవరూ ఉండకూడదు.
- ఆగిన ప్రతిచోటా, బయల్దేరే ముందు తలలు లెక్కపెట్టండి. రోజూ ఒకరే లెక్కపెట్టాలి.
- ఎవరైనా ఆటో ఎక్కితే ఎగతాళి చేయకండి. ఎక్కమని అడగలేక కుప్పకూలినవాళ్లున్నారు.

7. తరచూ జరిగేవి, సర్దుకునే దారి

*బొబ్బలు.* చిన్నదైతే చిదమకండి, ప్లాస్టర్ వేసి సాక్స్ మార్చండి. పగిలితే శుభ్రంగా కడిగి కట్టు కట్టండి, తోలు పీకకండి. ఎర్రబడి చీము పడితే నడక అక్కడితో ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

*మూడో రోజు నీరసం, ఏడుపు.* ఒళ్లు అలవాటు పడే రోజు అది. ఉప్పు వేసిన మజ్జిగ, రెండు గంటలు అదనంగా నిద్ర. ఆ రోజు పెద్ద నిర్ణయాలు తీసుకోకండి, ఫోన్ చేసి ఇంట్లోవాళ్లతో గొడవా పెట్టుకోకండి.

*పోలికలు.* "వాళ్లు చెప్పుల్లేకుండా వస్తున్నారు, మేం వేసుకున్నాం" అని చిన్నబుచ్చుకోవడం, లేదా దానికి తిరగేసి గొప్పలు పోవడం. రెండింటికీ మందు ఒక్కటే, మీ మొదటి పేజీ తీసి చదవండి.

*సెల్ఫీలు.* రోజుకు ఒక గ్రూప్ ఫోటో, సాయంత్రం. స్టేటస్ తిరిగొచ్చాక పెట్టుకోవచ్చు.

8. గుణదల చేరాక చేయాల్సిన వరుస

9 సాయంత్రమో, 10 ఉదయమో చేరేలా చూసుకోండి. 11న చేరితే తోపులాటలోనే సరిపోతుంది. చేరగానే మరియమాత స్వరూపం ఉన్న గుహ దగ్గరికి పరుగెత్తకండి. ముందు స్నానం, అన్నం, రెండు గంటల నిద్ర.

తర్వాత దివ్యబలిపూజ, అంటే గురువు నడిపే ప్రధాన ఆరాధన. అందులో ఇచ్చే దివ్యసత్ప్రసాదం (అప్పం) తీసుకోవడానికి ముందు ఒక గంట ఏమీ తినకూడదు. నీళ్లు, మందులు తీసుకోవచ్చు. ముసలివాళ్లకు, జబ్బుపడినవాళ్లకు, వాళ్లను చూసుకునేవాళ్లకు ఆ గంట నియమం లేదు. షుగర్ ఉన్న పెద్దవాళ్లు ఇది తెలియక పస్తుండి కళ్లు తిరిగి పడిపోతారు, దయచేసి చెప్పండి.

పూజ అయ్యాక మరియమాత గుహ, కొవ్వొత్తి, కొబ్బరికాయ, తలనీలాలు ఉంటే అవి. చాలామంది దీన్ని తిరగేసి, తలనీలాలతో మొదలుపెట్టి పూజకు అలసిపోయి నిద్రపోతారు. కొండ మీద సిలువ దాకా ఎక్కేవాళ్లు ఎండ రాకముందే ఎక్కండి. పైన నోట్‌బుక్ తీసి, కోరికల పేర్లన్నీ ఒకసారి చదవండి. మొదటి పేజీలో ఖాళీ వదిలేసినవాళ్లు ఇప్పుడు రాయగలరేమో చూడండి. రాయలేకపోయినా పర్వాలేదు, కిందికి దిగండి.

11న రోగుల కోసం జరిగే ప్రార్థనల్లో మీ గుంపులో నడవలేక ఆటోలో వచ్చినవాళ్లను ముందు కూర్చోబెట్టండి.

9. ఇంటికొచ్చిన మొదటి నెల

వచ్చిన రోజు నిద్రపోండి. రెండో రోజు నుంచి:

- కోరికలు అప్పగించినవాళ్ల ఇళ్లకు వెళ్లి, "మీ అబ్బాయి పేరు ఫలానా ఊరి దగ్గర చదివాం" అని చెప్పండి. తెచ్చిన తీర్థం మంచాన ఉన్నవాళ్లకు ముందు ఇవ్వండి.
- మొదటి ఆదివారం పూజకు తప్పనిసరిగా వెళ్లండి. అలసట పేరుతో ఈ పూజ ఎగ్గొట్టేవాళ్లు చాలామంది.
- నోట్‌బుక్‌లో "విసుక్కున్నాను" పేజీలు తిరగేయండి. ఒకే రకం కారణం మళ్లీ మళ్లీ కనపడుతుంది. తొందర, పెత్తనం, ఎవరూ పట్టించుకోలేదన్న బాధ, ఇలా ఏదో ఒకటి. దాన్నొక్కదాన్నే తపస్కాలానికి పనిగా పెట్టుకోండి.
- వారానికి ఒకరోజు ఆ మౌనం గంట ఇంట్లో ఉంచుకోండి. టీవీ, ఫోన్ లేకుండా, అందరూ.
- తలుపు వేసేసిన గడపకు ఇంకోసారి వెళ్లండి. చేతిలో ప్రసాదం ఉంటుంది కాబట్టి ఈసారి లోపలికి రమ్మనే అవకాశం ఎక్కువ.
- దారిలో అన్నం పెట్టిన విచారణలకు ఫోన్ చేసి కృతజ్ఞత చెప్పండి. వాళ్ల ఊరి నుంచి ఎవరైనా మన పెద్దాసుపత్రికి వస్తే పడుకోవడానికి చోటు, భోజనం మనం చూస్తామని కూడా చెప్పండి.
- గుంపు డబ్బు లెక్క కాగితం మీద రాసి, పూజ తర్వాత అందరి ముందూ చదవండి. మిగిలింది ఫాదర్ గారి చేతికిచ్చి రసీదు తీసుకోండి. వచ్చే ఏడాది ఎవరు వస్తారో పేర్లు అప్పుడే రాసుకోండి.